పొట్టి సంతకం

పదవీకాలం ముగుస్తున్న వార్డు సభ్యులందరి గురించీ తలా ఒక పేజీ జీవిత పరిచయం రాయమని కమిషనర్ గారు నాకు పురమాయించారు. మా పురపాలక సంఘంలో ఇదొక ఆనవాయితీ. ఇరవై ఎనిమిది మంది సభ్యులు, ఇరవై ఎనిమిది పేజీలు. ఒక్కో పేజీ కింద ఆ సభ్యుడి సంతకం, దాని పక్కన రాసినవారి సంతకం ఉండాలి. తర్వాత అన్నిటినీ కలిపి కుట్టించి రికార్డు గదిలో పెడతారు. వాటిని చదివేది చెదపురుగులే అయినా రికార్డు రికార్డే.

ఇరవై ఏడు పేజీలు మూడు మధ్యాహ్నాల్లో అయిపోయాయి. "నిగర్వి, ప్రజల మనిషి, వార్డు అభివృద్ధికి అహర్నిశలూ పాటుపడ్డారు" అని ఒకరికి రాసినదాన్నే అటూ ఇటూ మార్చి ఇంకొకరికి రాశాను. పదకొండో వార్డు దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయించింది. పదకొండో వార్డు సభ్యురాలు నా తోడికోడలు.

నేను ఈ ఆఫీసులో మినిట్స్ గుమాస్తాను. సభలో ఎవరేం మాట్లాడారో, ఏం తీర్మానించారో పుస్తకంలోకి ఎక్కించడం నా పని. ఇరవై రెండేళ్ళుగా సభామందిరంలో వేదిక కింద, ఒక కాలికి అట్టముక్క పెట్టిన బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈ శివారు పట్టణాన్ని పాలించేది అధ్యక్షుడని జనం అనుకుంటారు. పాపం, ఆయన కూడా అలాగే అనుకుంటాడు. కానీ ఇంజనీరు పని మొదలుపెట్టే ముందు తెరిచి చూసేది నా పుస్తకాన్ని. అందులో ఉంటే రోడ్డు పడుతుంది, లేకపోతే లేదు. సభలో గొంతు చించుకుని అరిచిన మాటైనా సరే, పుస్తకంలోకి రాకపోతే అననట్టే లెక్క.

ఇంకో నియమం కూడా ఉంది. రాసినదాంట్లో ఏదైనా కొట్టివేస్తే, ఆ గీత పక్కన రాసినవారు పొట్టి సంతకం, అంటే పేరు పొడి అక్షరాలు, పెట్టాలి. అది లేని కొట్టివేత చెల్లదు. గీత కిందున్న మాటే నిలుస్తుంది. సాక్షాత్తూ అధ్యక్షుడు గీసినా అంతే. ఒకసారి ఆయన కోపంగా అరపేజీ కొట్టేసి, నా పొట్టి సంతకం కోసం మధ్యాహ్నమంతా నా బల్ల చుట్టూ తిరిగాడు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నా నడకే వేరుగా ఉంది.

ఇక తోడికోడలి సంగతి. మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన మరిదీ ఆమే. అత్తగారు కింద వీధి గదిలో, కిటికీ పక్కన. నేను కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్ళకు ఆమె వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న మాట మొదట అన్నది ఎవరో పెద్దకోడలే అయివుంటుంది.

ఆమె కుట్టుమిషనుతో వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా మెట్లెక్కి పైకి వెళ్ళడం మొదలుపెట్టారు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఆమె కొలతలు తీస్తుంటే, వాళ్ళు కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. నోట్లో సూదులున్న మనిషి అడ్డు చెప్పలేదు కదా, అందుకని ఇంకా చెప్పేవాళ్ళు. ఆమె అన్నీ కొలతల పుస్తకంలోనే రాసుకునేది. "భుజం పద్నాలుగు, నడుము ముప్పై రెండు, ఇంటి ముందు లైటు లేదు" అని ఒక పేజీలో నేనే చూశాను. చూసి నవ్వాను కూడా.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. పదకొండో వార్డును మహిళలకు కేటాయించిన వారానికి, ఒక సాయంత్రం పదిహేను మంది ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. చెప్పుల చప్పుడు విని నేను జుట్టు సర్దుకుని గుమ్మంలోకి వచ్చాను. వాళ్ళు నన్ను పలకరించి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. నేను సంఘం ఉద్యోగిని, ఎలాగూ పోటీ చేయడానికి వీల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా, వాళ్ళు అడిగితే కాదనే భాగ్యమైనా నాకు దక్కాలి కదా!

"అక్కా, నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే నింపిపెట్టవా?" అని ఆమె నామినేషను కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నింపాను. నా చేతులారా నేనే నింపాను. ఆమె గెలిచింది.

మొదటి సమావేశం నాడు ఆమె చేతులున్న కుర్చీలో, మైకు ముందు కూర్చుంది. నేను కింద నా బల్ల దగ్గర. ఆమె మొహం చూడాలంటే నేను తల పైకెత్తాలి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. నా తోడికోడలు నవ్వను కూడా నవ్వలేదు, కొలతల పుస్తకం తెరిచి వణికే గొంతుతో నాలుగు ముక్కలు చదివింది. రోజూ చేపల బజారులా ఉండే సభ ఆ నాలుగు ముక్కలకూ నోరు మూసుకుని విన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడేళ్ళు అదే వరస. నీళ్ళ పైపు వచ్చినా ఆమె పేరే, చెత్తబండి వేళకు వచ్చినా ఆమె పేరే. ఒకరోజు అత్తగారు కిటికీ దగ్గర నుంచి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, చిన్నది మైకులో బ్రహ్మాండంగా మాట్లాడుతుందటగా! ఆ మీటింగుల్లో నువ్వూ ఉంటావా?"

అప్పటికి నేను ఆ మీటింగుల్లో కూర్చోబట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆ మర్నాడే నెలవారీ సమావేశం. మురుగు కాలువల మీద సిమెంటు పలకలు వేసే విషయం చర్చకు వచ్చింది. జాబితాలో తొమ్మిది వీధులున్నాయి. నా తోడికోడలు లేచి, "మా వార్డులో రెండో అడ్డవీధి కూడా కలపండి. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ, కాలువ నోరు తెరుచుకుని ఉంది" అంది. రెండో అడ్డవీధి అంటే మా ఇల్లున్న వీధే. "సరే, కలపండి" అన్నారు అధ్యక్షులు. టీ విరామంలో కమిషనర్ గారు నా బల్ల దగ్గర ఆగి, "మీ తోడికోడలిది సూటి మాటమ్మా. మీ ఇంట్లో తెలివంతా పై అంతస్తులోనే ఉన్నట్టుంది" అని నవ్వారు. హాస్యమే అనుకోండి. నేనూ నవ్వాను.

సాయంత్రం కూర్చుని మినిట్స్ రాశాను. "చర్చానంతరం తొమ్మిది వీధులకు పలకలు వేయుటకు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." పదో వీధి రాయలేదు. మరిచిపోలేదు. కలం ఆగింది, నేను చూశాను, ముందుకు పోనిచ్చాను.

వచ్చే నెల సమావేశంలో ఆ మినిట్స్ చదివి వినిపించాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇక అదే శాసనం. తెలిసి తప్పు రాసినట్టు తేలితే గుమాస్తా ఉద్యోగం పోతుంది. నాకు ముందున్నాయన అలాగే ఇంటికి వెళ్ళాడు. ఆ సమావేశంలో రైలు తరుముతున్నట్టు చదివాను. సభ్యులు ఎప్పటిలాగే సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. నా తోడికోడలు తల ఎత్తి నా వైపు ఒకసారి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. ఎవరి కొలతలో అనుకున్నాను. అధ్యక్షులు సంతకం పెట్టేశారు.

తొమ్మిది వీధులకు పలకలు పడ్డాయి. ఆ ఏటి మొదటి వానకు మా వీధి కాలువ పొంగి రోడ్డుతో కలిసిపోయింది. కాలువ ఎక్కడుందో, రోడ్డు ఎక్కడుందో తెలియక మా అత్తగారు గుమ్మం ముందే అందులో పడ్డారు. తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి తనంతట తాను నడిచి వెళ్ళలేదు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఉత్త మాట. నేను తీసిన గోతిలో పడింది ఆవిడ.

వీధంతా నా తోడికోడలి మీద విరుచుకుపడింది. "సొంత గుమ్మం ముందు పలక వేయించుకోలేని మనిషి మనకేం ఒరగబెడుతుంది?" అన్నారు, ఆమె కుట్టిన బట్టలే వేసుకుని. మా మరిది సైతం, "ఒక్క మాట సభలో అడిగి చావొచ్చుగా!" అని అందరి ముందూ కేకలేశాడు. నేను అత్తగారి మంచం పక్కనే నిలబడి ఉన్నాను, కుడితిలో పడ్డ ఎలుకలా. ఇప్పుడు చెబుతుంది, ఇదిగో ఇప్పుడు చెబుతుంది, నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"నాదే పొరపాటు, మరిచిపోయాను" అంది ఆమె.

నిజంగానే మరిచిపోయిందేమో, అడిగిన సంగతే గుర్తులేదేమో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆమెకు మతిమరుపు మెంబరని పేరు పడింది. ఈసారి మళ్ళీ పోటీకి నిలబడలేదు. పదిహేను మంది కాదు కదా, ఒక్కరు కూడా మెట్లెక్కి అడగలేదు. నిజం చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దం మొదటి రెండు రోజులూ నాకు హాయిగానే ఉంది.

మొన్న పేజీ రాయడానికి తేదీలు కావాలని ఆమెను అడిగాను. అత్తగారికి తల దువ్వుతూ ఉంది. "పైన మిషను మీద కొలతల పుస్తకం ఉందక్కా, అందులో అన్నీ ఉన్నాయి, తీసుకో" అంది.

తెచ్చుకుని తిరగేశాను. ఎవరిదో చేయి పొడవు, నడుము చుట్టుకొలత, వాటి కింద ఆ నాటి సమావేశం తేదీ. "రెండో అడ్డవీధి కాలువ, పలకలు. అధ్యక్షులు సరే అన్నారు." దాని కింద మరుసటి నెల తేదీ వేసి, ఇంకో సిరాతో ఇలా ఉంది: "మినిట్స్‌లో లేదు. అక్క రాయలేదు. అడిగితే అక్క ఉద్యోగం పోతుంది. అడగకూడదు. ఇంజనీరును విడిగా బతిమాలాలి." ఆ తర్వాత మూడు తేదీలు, మూడింటి పక్కనా "కుదరదన్నాడు, పుస్తకంలో లేదన్నాడు" అని ఉంది.

మొదట సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఆ సిగ్గు వెనకే నా పాత చుట్టం అసూయ కూడా వచ్చి కూర్చుంది. ఏడాదికి పైగా ఈ మనిషి రోజూ మెట్లు దిగి వచ్చి, అత్తగారికి ఒళ్ళు తుడిచి, నన్ను అక్కా అని పిలిచి, ఏమీ తెలియనట్టు పైకి వెళ్ళింది. ఆమె స్థానంలో నేనుంటే పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు వీధంతా చాటింపు వేసేదాన్ని. కుర్చీ ఆమెకే, మైకు ఆమెకే, అత్తగారి ముద్దూ ఆమెకే. చివరికి ఈ పెద్దమనసు కూడా ఆమెకే ఎందుకుండాలి? ఆ పుస్తకం తీసుకొమ్మని మరిచిపోయి అందో, తెలిసే అందో కూడా నాకు అంతుపట్టలేదు.

పేజీ రాశాను. నిగర్వి, ప్రజల మనిషి లాంటివేవీ రాయలేదు. కుట్టుమిషను గురించి, గుండుసూదుల గురించి రాశాను. చివర ఇలా రాశాను: "రెండో అడ్డవీధి కాలువకు పలకలు వేయాలని ఈ సభ్యురాలు సభలో కోరగా అధ్యక్షులు అంగీకరించారు. గుమాస్తా తెలిసే దానిని పుస్తకంలో రాయలేదు. నింద సభ్యురాలు మోశారు."

సంతకం కోసం పైకి తీసుకెళ్ళాను. ఆమె మిషను ఆపి నిదానంగా చదివింది. చివరికి వచ్చాక గుడ్డ మీద గీతలు గీసే పెన్సిలు పక్కన పెట్టి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ మూడు వాక్యాల మీదుగా గీతలు గీసేసింది. కుట్టేవాళ్ళ చెయ్యి కదా, గీతలు తిన్నగా వచ్చాయి.

"ఏంటమ్మాయ్ ఇది?"

"ఇది సభలో చర్చకు రాని విషయం అక్కా" అంది, నా మినిట్స్ భాషలోనే. "నీకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. అత్తయ్య కాలు ఎలాగూ వెనక్కి రాదు." కింద సంతకం పెట్టి పెన్ను నాకు తిరిగిచ్చింది. "కొట్టివేత పక్కన నీ పొట్టి సంతకం పెట్టు. లేకపోతే చెల్లదుగా!"

అన్నీ నేర్చుకుంది మహాతల్లి. ఇరవై రెండేళ్ళుగా ఎవరి మాట ఉండాలో, ఎవరి మాట పోవాలో తేల్చిన దాన్ని నేను. నా మాట కొట్టేయడానికి ఈమె ఎవరు? మంచిపేరంతా తనొక్కతే మూటగట్టుకుపోతానంటే చూస్తూ ఊరుకుంటానా?

పేజీ అడుగున నా పూర్తి సంతకం పెట్టాను. పెన్నుకు మూత పెట్టేశాను.

"అక్కా, పొట్టి సంతకం?"

"అత్తయ్య పిలుస్తున్నారు, కిందికి పద" అని పేజీ తీసుకుని మెట్లు దిగాను. గీతల కింద నా మూడు వాక్యాలూ చదవడానికి వీలుగానే ఉన్నాయి. రేపు ఆఫీసు తెరవగానే కమిషనర్ గారి బల్ల మీద పెడతాను.