కోటిరత్నం పేరున్న పాట

ఆ పాట తాను కట్టలేదని కోటిరత్నం ఎందుకు చెప్పలేదు? రెండేళ్లయింది. నాకిప్పటికీ అంతుపట్టలేదు.

కట్టింది మౌలాబీ. సత్తెనపల్లి మనిషి. ముప్పై ఏళ్లు కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లో ఎండు మిరపకాయల తొడిమలు, అదే ముచ్చికలు, తీసింది. ఘాటుకు అందరూ ముక్కుకు గుడ్డ కట్టుకుంటే, ఆమె గుడ్డ దించి పాడేది. వరసలో ఎవరి చెయ్యి వెనకబడితే పాట చివర వాళ్ల పేరు పడేది. అది అక్కడి ఆనవాయితీ. పేరు పడ్డ మనిషి తిట్టుకుంటూ చెయ్యి జోరు పెంచేది.

‘పొద్దు వాలిపాయె, గంప నిండదాయె, ఎక్కడున్నావే కోటిరత్నమా.’

ఆమె కట్టిన తొమ్మిది పాటల్లో ఆరింట కోటిరత్నం పేరే ఉంది. మౌలాబీ పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఆమె ఏనాడూ వెనకబడలేదు.

1999లో గుంటూరులో క్యాసెట్లు అమ్మే ఒకాయన ఆ తొమ్మిదీ రికార్డు చేయించాడు. అట్ట మీద ఎవరో సినిమా పిల్ల బొమ్మ వేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘గానం: మౌలాబీ’ అని అచ్చు వేశాడు. పాటలు కట్టిందెవరో వేయలేదు. ఆ క్యాసెట్ ఎవరూ కొనలేదు. ఒకటి మా గ్రంథాలయానికి ఊరికే వస్తే బీరువాలో పెట్టి తాళం వేశాను. నేను రిటైరయ్యేదాకా దాన్ని అడిగినవాళ్లు లేరు.

తరవాత జయరావు అనే లెక్చరర్ వచ్చి ఆ బీరువా తెరిపించాడు. పాటలు ఫోన్లలోకెక్కాయి, లక్షలమంది విన్నారు. పాతకాలం కవులు పద్యం చివర పేరు చెప్పుకున్నట్టే ఇక్కడా కవయిత్రి పేరుందని ఆయన తేల్చాడు. వెతుక్కుంటూ కోటిరత్నం ఇంటికెళ్లాడు.

“అందులో పేరు నాదేనండి” అంది కోటిరత్నం. అది నిజమే. దాని తరవాత చెప్పాల్సిన మాటే ఆమె చెప్పలేదు.

నేను వెళ్లి ఆయనకు అసలు సంగతి చెప్పాను. “జానపదంలో ఇలాంటి తగువులు మామూలేనండీ” అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

కోటిరత్నానికి సన్మానం గ్రంథాలయం హాల్లోనే పెట్టారు. మౌలాబీ గేటు దగ్గర ఫ్లెక్సీ ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు.

“ఏంది సారూ రాసింది?”

“రచయిత్రి కోటిరత్నం, గాయని మౌలాబీ.”

“దాని చెయ్యి ఆడట్లేదని కట్టిన పాటకి దానికే శాలువానా? మీరు చెప్పలేదా?”

“చెప్పానమ్మా.”

“చెప్తే?”

“నవ్వాడు.”

ఆమె విసవిసా హాల్లోకి నడిచింది. లోపల కొత్త చీరలో కూర్చున్న కోటిరత్నం ముందుకెళ్లి నిలబడింది.

“ఏమే రత్నం, ఎప్పుడు కట్టావే ఇవన్నీ? బస్తాల చాటున కునికేవే, అప్పుడా?”

“నేనేం అడగలేదే మౌలాబీ. వాళ్లే ఇంటికొచ్చారు.”

“ఇప్పుడైనా చెప్పు. నీ నోటితో చెప్పు, చాలు. శాలువా నువ్వే ఉంచుకో.”

కోటిరత్నం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండిపోయింది. ముప్పై ఏళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్న మనుషులు వాళ్లు.

జయరావు గంటసేపు మాట్లాడాడు. నిండని గంప అంటే కవయిత్రి తీరని ఆవేదన అన్నాడు. వెనక వరసల్లో కూర్చున్న ముచ్చికల ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. గంప నిండకపోతే మేస్త్రీ కేకలేస్తాడు, దానికర్థం అంతే. ఒక్కడైనా వాళ్లను అడిగాడా? పుస్తకాల మధ్య బతికినవాణ్ణి నేను. అచ్చులో ఉన్నదే నిజమనుకునే జబ్బు నాకు తెలుసు. ఆ రోజంత అసహ్యం మాత్రం ఎన్నడూ వేయలేదు.

కోటిరత్నానికి శాలువా కప్పారు. మౌలాబీని ఆ పాట పాడమన్నారు.

ఆమె మైకు అందుకుంది. గొంతు బొంగురుపోయింది కానీ వరస తప్పలేదు. కోటిరత్నం వైపు చూడనే లేదు. చివరి చరణానికొచ్చి జయరావు వైపు తిరిగింది.

‘పొద్దు వాలిపాయె, గంప నిండదాయె, ఎక్కడున్నావయ్యా జయరావా.’

వెనక వరసలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. తన పేరు పాటకెక్కిందని మురిసి జయరావు లేచి నిలబడి సభకంతా చేతులు జోడించాడు. ఆడవాళ్లు మరింత నవ్వారు. ఒక్క కోటిరత్నమే నవ్వలేదు, తల వంచుకుంది.

మౌలాబీ మైకు బల్ల మీద పెట్టి వేదిక మెట్లు దిగింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. కోటిరత్నం శాలువాతోనే లేచి రెండడుగులు వేసింది. వెళ్లొస్తానన్న మాటైనా ఆమెకు గానీ, నాకు గానీ చెప్పకుండా మౌలాబీ గేటు దాటి వెళ్లిపోయింది.