హెన్రీ సమాధి మీద ఎముకల పొడి

జ్ఞానరత్నం పనిచేసే ఎముకల మిల్లు ఖరగ్‌పూర్ ఇండస్ట్రియల్ పార్కు దాటాక, ఇళ్లు లేని చోట ఉంది. కబేళాల నుంచి వచ్చిన ఎముకలూ మాంసం తునకలూ అక్కడ ఉడికి, ఎండి, పొడి అవుతాయి. మంచి పొడి కోళ్ల మేతకీ చేపల మేతకీ పోతుంది. తడిసి బూజుపట్టినదాన్ని సున్నం చల్లి గోతిలో పూడ్చేస్తారు. ఆమె పని బస్తాల మూతులు కుట్టడం. కుడుతూనే, గాలిలో లేచిన తెల్లటి దుమ్ములో ఎడ్లూ గొర్రెలూ మందలుగా నడిచిపోతున్నట్టు కనిపిస్తే చూస్తూ ఉండిపోయేది. సూది వేలికి గుచ్చుకుంటే గాని ఈ లోకంలోకి వచ్చేది కాదు.

ఆమె భర్త హెన్రీ రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మేన్‌. నిరుడు పోయాడు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవులు కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. ఆయన పోయాక ఇదే మొదటి ఈస్టర్. కొన్న దండలు ఆమె కంటికి ఆనలేదు. అతని సమాధి మట్టిలోనే బంతిపూలు పూయాలని పట్టుబట్టింది.

"దాదా, ఆ తడిసిన బస్తాలోది కాస్త మొక్కలకి ఎరువుగా పట్టుకెళ్లనా?" అని సూపర్‌వైజర్‌ని అడిగింది.

"గోతిలోకి పోయేదే కదా దీదీ, తీసుకెళ్లు" అన్నాడాయన హిందీలో.

మిల్లులో పనిచేసే ముక్కుకి మిల్లు వాసన తెలియదు. అదే కొంప ముంచింది. మొగ్గ తొడిగిన మొక్కలు తెచ్చి, సమాధి మట్టిలో పొడి కలిపి నాటి వచ్చింది. మర్నాటికి ఆ వాసనకి వీధికుక్కలు చేరి, మొక్కలు పీకేసి సమాధిని జానెడు లోతున తవ్విపోశాయి. పండగకి ఇంకా ఆరు రోజులే. అందరూ వచ్చేసరికి తన మొగుడు ఇలా కుక్కల పాలై కనిపించాలా!

పక్కింటి ఎలీసమ్మ నోరు ఊరుకునే రకం కాదు. "ఎవులైనా సమాధికి మాంసం పెడతారేటే?"

"తప్పు నాదే వదినా. నానే సూసుకుంటాను."

మిల్లుకి సెలవు పెట్టింది. పొడి కలిసిన మట్టినంతా తవ్వి తీసి, బస్తాకెత్తి మిల్లు గోతికే చేర్చింది. కొత్త మట్టి పోసింది. అయినా వాసన పోలేదు. కుక్కలు దూరంగా కూర్చున్నాయి. ఆమె కూడా గొడుగేసుకుని, కర్ర పట్టుకుని కూర్చుంది. చీకటి పడ్డాక సమాధి మీద రేకులు కప్పి, పైన రాళ్లు పెట్టి వెళ్లేది.

మధ్యాహ్నాలు ఎండ నీళ్లలా కదిలేది. ఎక్కడో గూడ్సు బండి పోతూ ఉండేది. ఆ మోతలో కళ్లు మూతపడితే చాలు, హెన్రీ సుత్తి భుజాన వేసుకుని పట్టాల మీద నడిచొచ్చి పక్కన కూలబడేవాడు. ఆమె ఏవేవో చెప్పేది. చిన్నమ్మాయి జ్వరం, కారే ఇంటికప్పు, ఎప్పుడూ చెప్పడానికి తీరికలేని మాటలన్నీ. అతను లేచి వెళ్లేవాడు కాదు.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధులన్నీ పూలతో నిండిపోయాయి. హెన్రీది మాత్రం చేత్తో చదును చేసిన ఉత్త మట్టి. ఎలీసమ్మ గొంతు మెత్తబడింది.

"ఒక్క పువ్వయినా లేదు కదే."

"ముప్పై ఏళ్లు డ్యూటీ డ్యూటీ అని తిరిగినాడు వదినా, ఏనాడూ పక్కన కూకోలేదు" అంది జ్ఞానరత్నం. "ఈ ఆరు రోజులూ కూకున్నాడు."