గోంగూర ఆకు బొమ్మ

మా ఎదురింటి మల్లయ్య బాబాయికి భయం ఎక్కువ. కొల్లేట్లో పుట్టి పెరిగిన మనిషి, వలలో పడ్డ పామును చేత్తో తీసి గట్టు మీదికి విసిరేస్తాడు. అదే బ్యాంకులోకి వెళ్ళమంటే చెమటలు పడతాయి. ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, అది బస్సు కండక్టరుదైనా సరే, పక్కకు తప్పుకుంటాడు. అలాంటి మనిషి బ్యాంకాక్ వెళ్ళొచ్చాడంటే మా లంక ఊళ్ళో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు.

సరదా పుట్టి వెళ్ళలేదు లెండి. కౌలుకు చేస్తున్న చేపల చెరువుకు ఆయన ఉండి ఊళ్ళో అచ్యుతరావు గారి కొట్లో మేత కొంటాడు. ఎక్కువ మేత కొన్న రైతులందర్నీ కలిపి కంపెనీ వాళ్ళు ఏటా ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. పోయినేడు జాబితాలో బాబాయి పేరు కూడా వచ్చింది. నేను రానండీ, నన్నొదిలెయ్యండని అచ్యుతరావు గారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. మా వెంకటదుర్గ పిన్ని ఊరుకుంటుందా? విమానం ఎక్కే యోగం ఎంతమందికి వస్తుందని సాధించి, కొత్త చొక్కాలు కుట్టించి, గోంగూర పచ్చడి సీసా కట్టి మరీ పంపింది.

వచ్చేటప్పుడు నొప్పుల తైలం సీసా ఒకటి ఎక్కువుందేమోనని విమానాశ్రయంలో వణుక్కుంటూ బయటికొచ్చాడట. ఆయన్ని ఎవరూ ఆపలేదు. వణకాల్సిన వస్తువు అదే సంచిలో ఇంకొకటి ఉందని ఆయనకు తెలియనే తెలియదు.

మా వైపు ఎవరు యాత్రకెళ్ళొచ్చినా వీధిలో ప్రతి గడపకూ ప్రసాదం పంచాలి. ఒక్క ఇల్లు తప్పిపోతే ఆ మాట ఏడాది పాటు నడుస్తుంది. బ్యాంకాక్ పుణ్యక్షేత్రం కాదు కదా పిన్నీ అని నేను నవ్వితే ఆవిడకు కోపమొచ్చింది. సముద్రం దాటి క్షేమంగా వచ్చారు, ఇంతకన్నా యాత్రేముంటుందంది. సంచిలోవన్నీ తీసి పెద్దింట్లమ్మ పటం ముందు పేర్చి, హారతిచ్చింది. ఏనుగు బొమ్మల తాళం గుత్తులు, తైలం సీసాలు, ఎండు మామిడి ముక్కలు, వాటితో పాటు ఆకుపచ్చ బిస్కెట్ పొట్లాలు. ఆ పొట్లాల మీద వేళ్ళు చాపినట్టున్న ఆకు బొమ్మ ఉంది.

ఆ బొమ్మ చూపిస్తూ బాబాయి మురిసిపోయాడు.

"అక్కడి బజార్లో ఏం కొనాలన్నా భయమేసిందే అమ్మాయ్. పురుగుల్ని కూడా వేయించి అమ్ముతున్నారు. ఈ ఆకు చూశాక ప్రాణం లేచొచ్చింది. మన గోంగూరే కదా, పిల్లలకి పెట్టినా భయం లేదని ఇవి తెచ్చాను."

నేనూ చూశాను. అచ్చం గోంగూర ఆకే. గోంగూరతో తియ్యటి బిస్కెట్లు చెయ్యాలన్న తెలివి మనకెందుకు రాలేదా అనుకున్నాను కూడా. పొద్దున్నే బాబాయి పళ్ళెం పట్టుకుని బయల్దేరాడు. ఆయన మనవరాలు మణి, ఇంకా బడిలో వెయ్యని పిల్ల, ముందు నడుస్తూ ఇంటింటా తనే ఒక్కో బిస్కెట్టు చేతిలో పెట్టింది. అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు, మణి కూడా ఒకటి తింది. నాకు షుగరు కాబట్టి నాది బియ్యం డబ్బా మీద పెట్టాను. పంచిపెట్టి అలిసిపోయిందని, ఇంటికెళ్ళాక మిగిలిన రెండు బిస్కెట్లూ పెద్దవాళ్ళెవరూ ముట్టకుండా మణికే పెట్టాడు బాబాయి. ఖాళీ పొట్లం మడిచి, కాఫీ హోటల్లో చూపించడానికి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం వీధంతా మత్తుగా పడుకుంది. ఉక్కపోత అనుకున్నాం. చివరింటి నరసింహమూర్తి తాతయ్య, భార్య తిడుతుంటే పగలబడి నవ్వుతున్నాడని ఎవరో చెప్తే మేమూ నవ్వాం. అప్పుడే బాబాయి కోడలు నాగదుర్గ మణిని భుజాన వేసుకుని మా గుమ్మంలోకొచ్చింది. పిల్ల మెడ వేలాడిపోతోంది. పిలిస్తే పలకదు. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది.

మా ఊళ్ళో పిల్ల పలక్కపోతే ముందు పాదాలు చూస్తాం. పాము కాటు కనిపించలేదు. ఇంతలో పిన్ని వాళ్ళ అరుగు మీద, చెరువులో కొట్టే పురుగుల మందు డబ్బా మూత లేకుండా కనిపించింది. పొద్దున ఆ డబ్బా తీసింది నాగదుర్గే. మూత పెట్టానో లేదో గుర్తు లేదంది. పిన్ని నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. కొడుకు దుర్గేష్ చేపల లారీ మీద హౌరా వెళ్ళాడు, వాడొచ్చి అడిగితే ఏం చెప్పనని కోడల్ని పట్టుకుని తిట్టింది. తిట్టే వేళా ఇది, ముందు కారెక్కండని నేను గసిరాను.

అప్పుడే చెరువు మీంచి వచ్చిన మా ఆయన కారు తీశాడు. గట్టు దారి దాటి రోడ్డెక్కేసరికి బాబాయికి ఫోనొచ్చింది. అవతల అచ్యుతరావు గారని తెలిసింది. బాబాయి విని పెట్టేశాడు. ఏంటి బాబాయ్ అనడిగితే మేత సంగతన్నాడు. ఆయన చూపు మాత్రం మణి పెదవి పక్కన అంటుకున్న బిస్కెట్టు పొడి మీద ఆగిపోయింది.

ఆ ఫోన్లో ఏముందో నాకు తర్వాత తెలిసింది. టూరుకెళ్ళిన పెంటపాడు రైతు ఒకాయన కొడుకు ఆ పొట్లం చూసి అదిరిపడ్డాడట. అది గోంగూర కాదు, గంజాయి ఆకు. కొన్నవాళ్ళు ఎవరైనా సరే వెంటనే నీళ్ళల్లో పారెయ్యండి, ఎవరితోనూ అనకండి, బయటపడితే జైలే, మనందరి మెడకూ చుట్టుకుంటుందని చెప్పారట అచ్యుతరావు గారు. ఖాకీ చొక్కాను చూసి తప్పుకునే మనిషి, ఆ మాట కడుపులో పెట్టుకుని ఏలూరు దాకా కూర్చున్నాడు.

ఆసుపత్రిలో పిల్లను మంచం మీద పడుకోబెట్టారు. ఊపిరి ఉందా లేదా అన్నట్టు తీస్తోంది. నేను ఆ బుల్లి పొట్టనే చూస్తూ నిలబడ్డాను, అది పైకి లేచిన ప్రతిసారీ నాకు ఊపిరొచ్చేది. డాక్టరమ్మ ఏం తిందని అడిగింది. నాగదుర్గ డబ్బా సంగతి చెప్పింది.

"తాగడం ఎవరైనా చూశారా? ఆ మందే అయితే విరుగుడు ఇప్పుడే ఇవ్వాలి. అది కాకపోతే, నేనిచ్చే మందే పాపకి ప్రమాదం. సరిగ్గా చెప్పండమ్మా" అంది డాక్టరమ్మ.

ఎవరూ చూడలేదు. నాగదుర్గ గోడకు జారగిలబడి, నా చేతులతో నేనే చంపుకున్నానండీ అని ఏడుస్తోంది. పిన్ని అవునన్నట్టు తలకొట్టుకుంటోంది. నర్సు సూదిలోకి మందెక్కిస్తోంది. గుమ్మం పక్కనే స్టూలు మీద, ఆసుపత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబులు కూర్చునున్నాడు. బాబాయి చూపు ఆ ఖాకీ చొక్కా మీద, ఆ సూది మీద, మళ్ళీ ఆ చొక్కా మీద తిరుగుతోంది. పడిపోతాడేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకుని జేబులోంచి మడిచిన పొట్లం తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు.

"అది తాగలేదండీ. ఇది తిందండీ. గంజాయంట. గోంగూరనుకుని బ్యాంకాక్ నుంచి నేనే తెచ్చానండీ. పొద్దున మూడు తింది. రెండు నేనే పెట్టాను, ఈ చేత్తో. నా కోడలు తప్పేం లేదండీ."

డాక్టరమ్మ పొట్లం తిప్పి చూసింది. నర్సును ఆ సూది పక్కన పెట్టమంది. దీనికి వేరే విరుగుడు లేదు, మత్తు దిగేదాకా ఊపిరి ఆగకుండా చూసుకోవడమేనంది. వీధిలో తిన్నవాళ్ళందర్నీ కనిపెట్టి ఉండమంది. కానిస్టేబులు లేచి వచ్చి బాబాయి పేరడిగాడు. తండ్రి పేరు, ఊరి పేరు కూడా అడక్కుండానే చెప్పేశాడు బాబాయి. నేను అక్కడి నుంచే ఊళ్ళోకి ఫోన్లు చేశాను. నరసింహమూర్తి తాతయ్య నవ్వి నవ్వి నిద్రపోయాడట, లేపితే తిట్టాడట. ఆ తిట్టు విని నాకు సంతోషమేసింది.

మణి మర్నాడు కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది, తర్వాత ఏనుగు బొమ్మ అడిగింది. నాగదుర్గ పిల్లను ఎత్తుకుని మామగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చేతులు చాపలేదు, వెనక్కి కట్టుకున్నాడు.

స్టేషను నుంచి ఇప్పటికీ కబురొస్తూనే ఉంది. కేసు ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పిలిచినప్పుడల్లా బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని ఒక్కడే వెళ్ళొస్తున్నాడు. అచ్యుతరావు గారు మేత ఇవ్వడం మానేశారు. వీటిల్లో దేనికీ ఆయన భయపడినట్టు నాకు కనిపించలేదు. నేనది ధైర్యమనుకున్నాను, నాదే తెలివితక్కువతనం.

మొన్న ఫాల్గుణంలో బాబాయి వాళ్ళు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు వెళ్ళొచ్చారు. పిన్ని మొండిది కాబట్టి ప్రసాదం పంచాల్సిందేనని మళ్ళీ పళ్ళెం ఆయన చేతికిచ్చింది. నేను కూడా వెంట తిరిగాను. ఒకరిద్దరు తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు గానీ, మిగతావాళ్ళు ఆయన ఎదురుగానే తిన్నారు. నేనూ షుగరు లెక్కచెయ్యకుండా చలిమిడి ముద్ద నోట్లో వేసుకున్నాను. ఆఖరికి వాళ్ళింటికి చేరాం. అరుగు మీద మణి రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడింది.

బాబాయి పళ్ళెం కిందపెట్టి, నువ్వు పెట్టమ్మా అని కోడలితో అన్నాడు.

"మీరే పెట్టండి మావయ్యగారూ" అంది నాగదుర్గ.

ఆయన చిన్న ముద్ద తీశాడు. అమ్మవారి ప్రసాదం, పిల్లకు పెట్టకుండా తన నోట్లో వేసుకున్నాడు. నమిలి మింగి అరుగు మీద కూర్చుని మణి మొహంలోకి చూశాడు.

"ఉండమ్మా. నాకేమీ కాకపోతే నీకు పెడతాను. ఇంకాసేపు చూద్దాం" అన్నాడు.

మణి దోసిలి అలాగే పట్టుకుని నిలబడింది.