షట్టరింగోని స్పీకర్ డబ్బా

ఆ రోజులల్ల ఖతర్‌ల ఎటు చూసినా కట్టుడే. ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు ఇంకా నాలుగేండ్లు ఉందనంగనే మమ్ముల పొద్దు పొడవకముందు బస్సెక్కించి లుసైల్‌ల దించుతుండిరి, పొద్దు గూకినంక తెచ్చి క్యాంపుల పారబోస్తుండిరి. మా ఊరోళ్ళకు ఖతరూ తెల్వది, లుసైలూ తెల్వది, అన్నిటికీ ఒక్కటే పేరు, దుబాయ్. దుబాయ్‌ల ఏం పని అని అడిగితే షట్టరింగ్ కార్పెంటర్ అని మా అమ్మ గర్వంగ చెప్పేది. (అదే పనిని మన దిక్కు సెంట్రింగ్ అంటరు, పిల్లనియ్యరు. అక్కడ షట్టరింగ్ అంటరు, పిల్లనిస్తరు. సుత్తె మాత్రం రెండు తావులా అదే.) ప్లైవుడ్ కోసి, మూల కలిపి, సందు లేకుంట డబ్బా కట్టాలె. అండ్ల కాంక్రీట్ పోస్తరు. అది గట్టిపడ్డంక మన డబ్బాను గడ్డపారతోని ఊడపీకి అవతల పారేస్తరు. నేను చేసినయి ఏవీ వారం దినాలు నిలవలే. నిలిచింది లోపల పోసిందే, దానికి ఫొటోలు దిగిండ్రు. ఇరవై మూడేండ్లోనికి ఈ సంగతి కడుపుల మండుతుండె, ఇప్పటికీ పూర్తిగ సల్లారలే.

అంతకుముందు నేను మా మెట్‌పల్లి దిక్కు పెండ్లిళ్ళ ఆర్కెస్ట్రాల గిటార్ వాయించేటోణ్ణి. డీజే డబ్బాలొచ్చి ఆర్కెస్ట్రాల నోట్లె మన్ను కొట్టినంక మా అక్క మొగడు, అంటే మా బావ, తన కంపెనీలనే నాకు వీసా పెట్టించిండు. ఆయన అప్పటికే పన్నెండేండ్ల సంది అక్కడ ఇనుప చువ్వలు కడుతున్నడు. క్యాంపుల ఒక ఫిలిప్పీను ఎలక్ట్రీషియన్ ఇంటికి పోయేటప్పుడు తన గిటార్ నాకిచ్చి పోయిండు. దానికి కరెంటు కావాలె, పెట్టె కావాలె, అవి లేకుంటే దోమ గునిసినట్టే. అయినా మంచం మీద కూసోని గునుస్తుంటి. ఎట్లన్న జేసి ఈ షట్టరింగ్ నుంచి బయటపడి పాటల దిక్కు పోవాలె, అదొక్కటే నా తలకాయల ఉండె. బావ మాత్రం "వచ్చిన పని చెయ్యిరా బామ్మర్ది" అని గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

అగో, అట్ల గునుస్తున్న రోజులల్ల మా డ్రైవరన్న ఒక పాడు మేలు చేసిండు. ఈయన కడప దిక్కోడు, ఐన్ ఖాలిద్ అనే బస్తీల ఒక ఇంట్ల హౌస్ డ్రైవర్. బస్టాండుల పరిచయం, భాష కలిసింది, మనసు కలిసింది. ఒక శుక్రవారం మేడమ్‌ను అడిగి బండేసుకోని వచ్చి డిక్కీ లేపిండు. లోపల గిటార్ ఆంప్లిఫయర్, దాని కింద స్పీకర్ల పెట్టె. కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, ఆయన కొడుక్కు కొత్తది వచ్చిందట, పాతది బయట పెట్టిండ్రట, దాని మీద వారం దినాలు ఏసీ నీళ్ళు కారినయట. "నీకు పనికొచ్చాదేమో జూడబ్బీ, పనికిరాకపోతే పారేచ్చాం" అన్నడు ఆయన. ఆంప్లిఫయర్ బతికే ఉన్నది. పెట్టె మాత్రం చెక్కపొట్టు అట్ట, నీళ్ళు తాగి పూరీ లెక్క ఉబ్బింది. అండ్ల రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు. ఒకటి పాతది, బాగ వాయించి వాయించి కాగితం మెత్తబడ్డది. ఇంకొకటి ఎవరో మధ్యల మార్చిన కొత్తది, బిర్రుగ ఉన్నది. నాకు ఆ దినం అన్నం సయించలే, సంతోషానికి.

పెట్టె కట్టుడంటే ఏంది, డబ్బా కట్టుడే గద. ఫోర్మన్‌ను బతిమాలి, చెప్పుల స్టాండు చేసుకుంటనని అబద్ధమాడి, సైట్‌ల ఊడపీకిన తుక్కు ప్లైవుడ్‌కు గేట్ పాస్ రాయించుకున్న. రెండు డబ్బాలు చేసిన. ఒకదానికి వెనుక తెరిచి పెట్టిన, ఇంకొకదానికి నాలుగు దిక్కుల మూసి, సిమెంటు పాలు కారకుంట మేం మూలలకు పెట్టే ఫోమ్ పట్టీ పెట్టి బిగించిన. ఇగ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా రూముల పంచాయితే. రెండు స్పీకర్లు, రెండు డబ్బాలు, మార్చి మార్చి పెట్టుడు. వినేటోళ్ళు ఎనిమిది మంది గోడకు మొఖం పెట్టి కూసోవాలె, ఏది మోగుతున్నదో చూడొద్దు, నచ్చింది మోగినప్పుడు వేలు లేపాలె. మొదటి వారం అందరు కొత్త స్పీకర్‌కే లేపిండ్రు. నేను సంబరపడి, తర్వాత చూసుకుంటే అది ఊరికెనే జెర గట్టిగ మోగుతుండె. ఎక్కువ మొత్తుకునేదే మంచిదని మనిషి చెవి ఎప్పుడూ మోసపోతదని నాకు అప్పుడు తెలిసింది. (సర్పంచి ఎలక్షన్లు చూసి కూడ తెల్వకపోయె.) రెండో వారం రెండూ సమానంగ మోగేటట్టు పెట్టిన. అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. కొత్త స్పీకర్ పండ్లు జివ్వుమనిపించేది, పాతది పెద్దమనిషి మాట్లాడినట్టు నిమ్మళంగ చెప్పేది. అదే పాత స్పీకర్‌ను వెనుక తెరిచిన డబ్బాల పెడితే పాట రూమంత తిరిగేది గని కడుపు నిండేది కాదు. మూసిన డబ్బాల పెడితే మంద్రం తీగె కొట్టినప్పుడు వచ్చి రొమ్ములకు తాకేది. బావ ఒక్కడే ప్రతిసారి రెండు వేళ్ళు లేపేటోడు. అన్నీ ఒక్క తీరే ఉన్నయట, నిద్ర చెడగొట్టుడుల.

ఇట్లుండంగ మా క్యాంపు చూడనీకి ఎక్కడి నుంచో పెద్దమనుషులు వస్తున్నరని కబురొచ్చింది. వరల్డ్ కప్పు పనోళ్ళు సుఖంగ ఉన్నరా లేదా అని చూస్తరట. గోడలకు రంగులేసిండ్రు, మెస్సుల ఆపిల్ పండ్లు పెట్టిండ్రు, మమ్ముల సుఖంగ ఉండుమన్నరు. సాయంత్రం పాటల ప్రోగ్రాం పెట్టి స్టేజీ, సౌండు బయటి కంపెనీ నుంచి తెప్పించిండ్రు. ఆ సౌండు కంపెనీ మేనేజరు ఏ దేశపోడో అడగలే, హిందీ వచ్చు, మేం సౌండు సారు అనేటోళ్ళం. నేను నా మూసిన డబ్బా మోసుకపోయి స్టేజీ మీద పెట్టి వాయిస్తే, సారు వచ్చి డబ్బా చుట్టూ తిరిగిండు, ఇది ఎక్కడ కొన్నవని అడిగిండు. నేనే చేసిన అన్న. నమ్మలే. తట్టి చూసిండు, మూలలకు చెయ్యి అడ్డం పెట్టి గాలి వస్తున్నదా అని చూసిండు. రాదు. పోయేటప్పుడు చెప్పిండు, తమ వర్క్‌షాపుల డబ్బాలు చేసేటోడు కావాలె, వచ్చే శుక్రవారం ఒక డబ్బా చేసి తీసుకరా, మా డబ్బా పక్కకు పెట్టి వింటం, మా పోరలు కండ్లు మూసుకోని నీదే మంచిగున్నదంటే నిన్ను తీసుకుంట అని.

ఇగ నా కాళ్ళు నేల మీద ఆగుతయా. ఉన్న డబ్బానే తీసుకపోతే సరిపోతుండె, అది పుణ్యాత్మురాలు, ఏ తప్పూ చెయ్యలే. తుక్కు ముక్కలది తీసుకపోతే ఇజ్జత్ పోతదని కొత్తది మొదలు పెట్టిన. ఫోర్మన్ కాళ్ళు మొక్కి కొత్త ప్లైవుడ్ అడుక్కున్న. (ఈ సారి నిజం చెప్పి అడిగిన, ఆయన తల ఊపి, చేసినంక నాకు చూపెట్టు అన్నడు.) నాలుగు దినాలు డ్యూటీ అయినంక సైట్ యార్డుల కూసోని కోసిన, గీకిన, కలిపిన. ఫోర్మన్ వచ్చి మూల మీద వేలు పెట్టి గీసి చూసి పోయిండు. ఆఖరు దినం అంతా అయినంక స్పీకర్ బిగించే ముందట, పక్కకు బకెట్ ఉండె, అండ్ల బ్రష్ ఉండె. రెండేండ్ల సంది నేను కట్టిన ప్రతి డబ్బాకు ఆఖరుకు చేసేది ఒక్కటే పని. చెయ్యి దానంతట అదే పోయింది. లోపల నాలుగు దిక్కుల మంచిగ రెండు పూతలు పూసిన. ఎట్ల మెరిసిందనుకున్నరు! పాత స్పీకర్‌ను పెట్టి, ఫోమ్ పట్టీ వేసి, బిగించి, డ్రైవరన్న డిక్కీల బోర్ల పండుకోబెట్టిన. రెండు దినాలు ఆ బండి ఐన్ ఖాలిద్ ఎండల నిలబడ్డది.

శుక్రవారం వర్క్‌షాపుల ఒక తెర కట్టిండ్రు. తెర వెనుక నా డబ్బా, వాళ్ళ డబ్బా. ఇవతల ఐదుగురు పోరలు కండ్లు మూసుకోని కూసున్నరు. మొదలు వాళ్ళది వాయించిన, మంచిగనే ఉన్నది. తర్వాత నాది. మొదటి తీగె కొట్టంగనే తడి గోనెసంచిని కట్టెతోని కొట్టినట్టు వినపడ్డది. ఇంకోటి కొడితే బర్రుమన్నది. ఐదుగురూ కండ్లు తెరిచిండ్రు. సౌండు సారు వచ్చి స్పీకర్ ఇప్పిండు. కాగితం నల్లగ నాని, అంచుకు జిగురూడి వేలాడుతున్నది. లోపల వేలు పెట్టి రాసి, వాసన చూసి, ఇదేందని అడిగిండు.

"షట్టరింగ్ ఆయిల్ సార్."

"ఎందుకు పూసినవు?"

నాకు ఆ గడియల ఉన్నదున్నట్టే నోట్లెకొచ్చింది.

"కాంక్రీట్ అంటుకోవద్దని సార్."

 పోరలల్ల ఒకడు కిసుక్కుమన్నడు, ఇగ వర్క్‌షాపంత పడి పడి నవ్వుడే. సౌండు సారు కండ్ల నీళ్ళు తుడుచుకుంట కుర్చీల కూలబడ్డడు. నేను కూడ నవ్విన. నవ్వకుంటే ఏడ్వాలె, ఐదుగురి ముందు ఏడ్చే తెలివితక్కువోణ్ణి కాదు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందని మన పెద్దలు ఊరికెనే అనలే. బంగారమసొంటి పాత స్పీకర్‌ను నా చేతులతోని నేనే నూనెల ముంచి సంపిన. అది తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి నరుక్కోబుద్ధయితది.

గని చూడుండ్రి చిత్రం. నవ్వుడయినంక సారు ఆ డబ్బాను నూనె తుడిపించి, తమ స్పీకర్ ఒకటి అండ్ల పెట్టి మళ్ళ వాయించుమన్నడు. ఐదుగురు మళ్ళ కండ్లు మూసుకున్నరు. నలుగురు నా దానికే వేలు లేపిండ్రు. సారు నా భుజం మీద చెయ్యేసి, నూనె పూసుడు మానుకో, మిగిలింది నేను నేర్పుత, ఎన్‌ఓసీ తెచ్చుకో అన్నడు. ఆ కాలంల కంపెనీ మారాలంటే ఉన్న కంపెనీ మాకేం అభ్యంతరం లేదని కాగితం రాసియ్యాలె, అదే ఎన్‌ఓసీ. బయట బండి కాడ డ్రైవరన్నకు చెప్తే ఆయన నన్ను వాటేసుకున్నడు. ఇద్దరం తొవ్వపొడుగుత నవ్వుకుంటనే వచ్చినం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు గద. ఫోర్మన్ నా అర్జీ చదివి, నన్ను కూసోబెట్టి, చాయ తెప్పించిండు. అప్పుడే అనుమానపడాల్సింది. నీ డబ్బా చూసిన, మా దాంట్ల ఇట్లాంటి మూల ఒక్కడూ కలపడు, వచ్చే నెల సంది పెద్ద కాలమ్‌లు నీకే ఇస్తున్న అన్నడు. నేను ఎన్‌ఓసీ సంగతి మళ్ళ ఎత్తిన. ఆయన చాలా ప్రేమగ తల అడ్డం ఊపి, "ఎన్‌ఓసీ మాఫీ" అన్నడు. మాఫీ అంటే అక్కడి భాషల లేదు అని. నా పనితనం చూపెట్టుకోని బయటపడుదామనుకుంటే ఆ పనితనమే నా కాళ్ళకు గొలుసయింది. తిట్టి పంపినా ఇంత మండకపోతుండె.

ఆ దినం మొదటిసారి బావ గోడ దిక్కు తిరగలే. నా దిక్కు తిరిగి పండుకోని మెల్లగ చెప్పిండు. "ఖరాబ్ చెయ్యిరా బామ్మర్ది. ఒక్క కాలమ్ ఖరాబ్ చెయ్యి, వాళ్ళే ఎల్లగొడ్తరు." పద్నాలుగేండ్లల్ల ఆయన నోటి నుంచి పని ఖరాబ్ చెయ్యుమన్న మాట ఎవ్వరూ విని ఉండరు.

సరేనని మొదటి పెద్ద కాలమ్‌కే ముహూర్తం పెట్టుకున్న. కట్టేటప్పుడు కింది మూలకు ఫోమ్ పట్టీ పెట్టకుంట వేలు పట్టేంత సందు వదిలిపెట్టిన. పాలు కారిపోతయి, లోపల తేనెతుట్టె లెక్క బొక్కలు పడ్తయి, ఫోర్మన్ చెప్పు తీసుకుంటడు, నా కాగితం నాకొస్తది. పంపు బండి వచ్చింది, పైపు లేపిండ్రు. నేను దూరం పోయి నిలబడ్డ, ఇటు చూడొద్దనుకున్న. కాంక్రీట్ పడే సప్పుడు వినపడ్డది. పది అడుగులు ఉరికినట్టు కూడ నాకు యాదికి లేదు. హెల్మెట్ కింద కట్టుకున్న తువ్వాల పీకి ఆ సందుల కుక్కిన, దాని మీద చెక్కముక్క పెట్టి మేకులు కొట్టిన, కొట్టినంక ఇంకో మేకు కొట్టిన. ఫోర్మన్ అవతలి నుంచి చూసి శాబాష్ అన్నడు.

అప్పటి సంది ఇంకో నాలుగేండ్లు చేసిన. మధ్యల ఆ ఎన్‌ఓసీ రూలే తీసేసిండ్రు, గని అప్పటికే సౌండు సారు తన దేశం పోయిండు, వర్క్‌షాపుల ఎవ్వరూ నన్ను గుర్తుపట్టలే. ఇప్పుడు మెట్‌పల్లిల సెంట్రింగ్ మేస్త్రిని. ఆ సందును అట్లనే వదిలేసి, చేతులు కట్టుకోని, తన బతుకు తాను చూసుకోవాల్సిన ఇరవై మూడేండ్ల పోరడు ఇప్పుడు ఎదురుపడితే రెండు సెంపలు వాయించాలనిపిస్తది. ఎంబడే నవ్వొస్తది, వాడు అంతే, ఇంకో తీరు రాదు. ఆ కాలమ్ పోసిన దినం సాయంత్రం "ఏమైందిరా" అని బావ అడిగితే తువ్వాల పోయిందని చెప్పిన. మూడో దినం డబ్బా ఊడపీకితే కాలమ్ నున్నగ బయటపడ్డది, ఒక్క బొక్క లేదు. చుట్టూ ఎవ్వరూ చూస్తలేరని చూసి, ఒక్కసారి చెయ్యితోని నిమిరి వచ్చిన.