మల్‌సూన్ గిటారు ముక్కుతో పాడిన రోజు

ప్యో మల్‌సూన్ నోటికి జడిసి నక్వోన్ బజారు రెండో అంతస్తులో ఎవరూ ఆమె బల్ల మీద మోచెయ్యి కూడా ఆనించరు. సియోల్‌లో వాద్యాలమ్మే ఆ పాత భవనంలో ఆమెది బారెడు చోటు. వయసులో ఉన్నప్పుడు రేడియోల ఫ్యాక్టరీలో టంకం పెట్టే వరసలో కూర్చునేది. అది మూతపడితే, గిటారులో ఉండేవీ వైర్లే కదా అని ఇక్కడికొచ్చి స్టూలు వేసుకుంది. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళకల్లా "ముందు మీ గిటారు సంగతి చూసుకోండి" అని చెప్పి చెప్పి, అరవైకి దగ్గరపడినా ఒంటరిగా, దర్జాగా ఉంది.

ఆమెకో పద్ధతుంది. పని పూర్తయ్యాక గిటారు వెనక మూత మీద సన్నని కాగితం అతికించి, తన పేరున్న ఎర్ర ముద్ర గుద్దుతుంది. ఎవరైనా ఆ కాగితం చింపారో, ఆ గిటారు మళ్ళీ ఆమె బల్ల ఎక్కదు. బజారంతా ఆ ముద్రకు మర్యాద ఇస్తుంది. ఎదురు కొట్లో ఆంప్లిఫయర్లు బాగుచేసే గుక్ దోంగ్‌పల్ మర్యాదతో పాటు భయం కూడా ఇస్తాడు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. రోజూ ఏదో వంకతో వచ్చి, బల్లకు అవతలే నిలబడి, నాలుగు చీవాట్లు తిని సంతోషంగా వెళ్ళిపోతాడు.

ఇన్ని గిటార్లు పలికించిన మల్‌సూన్ జనం ముందు ఏనాడూ వాయించలేదు. బల్ల దగ్గర తీగ మీటి చూసి ఇచ్చేయడమే. ఆ లోటు ఆమెను లోపల్లోపల తినేస్తూ ఉండేది, పైకి మాత్రం "నాకంత తీరికేదీ" అనేది. చివరికి కింద వీధిలో బియ్యపు కేకులమ్మే గుమ్‌జా బజారు ఆడవాళ్ళందరినీ పోగేసి బృందం కట్టింది. వసంతోత్సవానికి భవనం ముందు వేదిక మీద ఒకే ఒక్క పాట. రేవు దాటిన పడవ కోసం ఎదురుచూసే పాత పాట. గుమ్‌జా పాడాలి, మధ్యలో మల్‌సూన్ గిటారు ఒంటరిగా మోగాలి.

"అక్కా, అక్కడ నీ గిటారు ఏడవాలి," అంది గుమ్‌జా.

"ఏడిపించడం నాకు కొత్తేమిటే? బజారంతా ఏడిపిస్తున్నాను."

ఆ ఏడుపెక్కడుందో మల్‌సూన్‌కి తెలుసు. గిటారు తీగల కింద రెండు పికప్‌లుంటాయి, మెడ దగ్గర ఒకటి, అడుగున ఒకటి. తీగ కదలికను పట్టి ఆంప్లిఫయర్‌కి అందించేవి అవే. రెండూ కలిసి పనిచేస్తే మోత నిండుగా, బొద్దుగా వస్తుంది. ఒకదాని వైర్లు రెండూ తారుమారు చేస్తే, ఒకటి ఔనన్నదాన్ని రెండోది కాదంటుంది. బొద్దుతనమంతా కొట్టుకుపోయి, ముక్కుతో ఏడ్చినట్టు సన్నని గొంతు మిగులుతుంది. మల్‌సూన్‌కి ఆ గొంతంటే ప్రాణం.

కానీ అందరినీ అదరగొట్టాలని, "తీరిక లేదు, ఈసారికి మామూలుగానే వాయిస్తా," అని ఊరంతా చెప్పింది. చెప్పి, ఉత్సవం రోజు పొద్దున్నే వెనక మూత తీసి, ఒక బొత్తాం పైకి లాగితే మెడ దగ్గరి పికప్ తిరగబడేలా వైర్లు కలిపింది. దించితే మామూలు, లాగితే ఏడుపు. మీటి చూసుకుని, మూత బిగించి, ముద్ర గుద్ది, గిటారు బల్ల మీద పెట్టి తల దువ్వుకోవడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం వేదిక ముందు బజారు మొత్తం దిగింది. మల్‌సూన్ గిటారు తగిలించుకుని నిలబడింది. ఎవరి మీదా అరవకుండా ఆమె అంతసేపు నిలబడటం అదే మొదలు.

డ్రమ్ము మోగింది. మల్‌సూన్ చెయ్యి ఆడించింది. మొదటి దెబ్బకే గిటారు ముక్కుతో "ఈఁ" అని ఏడ్చింది.

జనం ఘొల్లున నవ్వారు. గుమ్‌జా పాట ఆపకుండానే ఇటు గుడ్లురిమి చూసింది. బొత్తాం దించే ఉంది. మల్‌సూన్ బొత్తాం వంక మళ్ళీ చూసింది. నా చేతి పనే తప్పిందా? ఇంత మంది ముందు, ఇవాళేనా? చేతులు వాయిస్తున్నాయి, కళ్ళు మెట్లెక్కడున్నాయో వెతుకుతున్నాయి. గిటారు అక్కడే పడేసి పారిపోదామనిపించింది.

ఒంటరిగా వాయించాల్సిన చోటు వచ్చేసింది. వేరే దారి తోచక బొత్తాం లాగింది. గిటారు ఒక్కసారిగా బొద్దుగా, కడుపు నిండిన దానిలా మోగింది. దించింది, ఏడ్చింది. లాగింది, కులాసాగా మోగింది.

అంతా తలకిందులైంది. అంటే అడుగు పికప్‌ని కూడా ఎవరో తిప్పేశారు! రెండూ తిరగబడితే అసలేదీ తిరగబడనట్టే కదా. ఎవరిదా చెయ్యి? గబుక్కున ఆ పికప్ రేకు తొడుగు మీద వేలు పెట్టింది. తొడుగును వైరు నుంచి విడదీయకుండా తిప్పితే, ముట్టుకోగానే బుర్రుమనాలి. చడీచప్పుడూ లేదు. అంత ఓపిగ్గా విడదీసే మనిషి ఈ భవనంలో తను కాక ఇంకొక్కడే.

తలెత్తి చూసింది. మూడో వరసలో దోంగ్‌పల్ చెవులదాకా ఎర్రబడి, రెండు చేతులూ పైకెత్తి దించుతూ, దించి ఎత్తుతూ, తప్పు నాదేనన్నట్టు సైగలు చేస్తున్నాడు.

మల్‌సూన్‌కి నవ్వాగలేదు. మైకులో పడేలా పకపకా నవ్వి, బొత్తాం కిందికి నొక్కి, గిటారుని ఏడిపించింది. అది ముక్కు చీదుతూ ఏడుస్తోంది, ఆమె కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది. పడవ పాటకు ఎవరూ ఎగరకూడదు గానీ ముందు వరస ముసలమ్మలు లేచి భుజాలెగరేశారు. ఇన్నాళ్ళూ దాచుకున్న సంతోషమంతా ఆమె వేళ్ళలోంచి కారిపోతోంది.

పాట అయిపోయింది. "ఇంకోటి! ఇంకోటి!" అని గోల. ఇంకోటి రాదు వీళ్ళకి. అదే మళ్ళీ మొదలుపెట్టమని గుమ్‌జా డ్రమ్ముకి సైగ చేసింది. ఈలోగా దోంగ్‌పల్ వేదిక అంచుకొచ్చి నిలబడ్డాడు.

"ముద్ర చింపలేదండీ. ఒట్టు. ముందు వైపు నుంచి మరలు విప్పి పికప్ దగ్గరే తిప్పాను. తీరిక లేదన్నారని, మీరు తల దువ్వుకునేలోగా ఆ ఏడుపు నేనే పెట్టేద్దామనుకున్నాను... నేను మీటి చూస్తే సరిగ్గానే ఏడ్చింది."

"ఏడవదూ మరి! వెనక తలుపుకి తాళం ఉందని ముందు గుమ్మంలోంచి వచ్చిన దొంగవి నువ్వేనన్నమాట."

"రాత్రికి మళ్ళీ మామూలుగా చేసేస్తానండీ."

"ముట్టుకున్నావంటే చెయ్యి కాలుస్తా. అలాగే ఉండనీ."

"ఏమిటండీ? డ్రమ్ములో వినపడట్లేదు."

మల్‌సూన్‌కి ఒళ్ళంతా తేలిపోతోంది. బతుకులో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. మనసులో ఏముందో అదే నోటికొచ్చింది, అదీ గొంతు చించుకుని.

"రేపట్నుంచి ఆ అవతల నిలబడటం మానెయ్! ఇటొచ్చి నా పక్కన కూర్చో!"

సరిగ్గా అప్పుడే డ్రమ్ము ఆగింది. మైకు ఆగలేదు. ఆ మాట భవనానికి కొట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళింది. బజారంతా నోరు తెరిచి ఒకసారి ఆమెను, ఒకసారి దోంగ్‌పల్‌ని చూసింది.

"అక్కా, మైకు..." అని గుమ్‌జా గొణిగింది.

మల్‌సూన్ మొహం మందారంలా అయింది. అయినా మైకు ముందు నుంచి కదల్లేదు.

"వినపడిందా, లేదా?" అని మళ్ళీ అడిగింది.

"వినపడిందండీ," అన్నాడు దోంగ్‌పల్. "వస్తానండీ."