మెడలో టేపు

మా వీధిలో రవికలు కుట్టే ఆమె మెడలోంచి టేపు తీసేది కాదు. ఆమెకు అండాశయంలో క్యాన్సర్ గడ్డ అని తేలాక, ముందు కీమో ఇచ్చి, అది చిన్నదయ్యాక ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టరమ్మ.

"కోసి పడేస్తే అయిపాయె, గీ సూదులేంది?" అని మొదట్లో ఒకటే గొడవ. తర్వాత ప్రతి కీమోకీ ఉబ్బిన పొట్టకు టేపు చుట్టి, "జర తగ్గిందక్కా" అని నాకు చూపించేది. నేను వెంటనే, "స్వామీ, తగ్గించావు" అని పైకే దండం పెట్టేదాన్ని.

ఆపరేషన్‌కి చేరాల్సిన రోజు తెలంగాణ బంద్. తోడు వెళ్దామని పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్తే, ఆమె మిషన్ ముందు కూర్చుని ఉంది.

"నేను రాను. పొట్ట మంచిగైంది. దేవుడు తగ్గించిండని మీరే అన్నరు గదా?"

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీదా, నా నోటి మీదా.

"తగ్గిందన్నాను, పోయిందన్నానా? లోపల మిగిలింది నీ టేపుకి తెలుస్తుందా? ఇప్పుడు తీయకపోతే మళ్లీ పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పలేదూ?"

వీధి వినేలా అరవడం నాకదే మొదలు.

ఆమె చాలాసేపు టేపును చుడుతూ, విప్పుతూ కూర్చుంది. చివరికి దాన్ని మిషన్ మీద పెట్టి లేచింది.

"సరే, నడువుండ్రి. గానీ గీసారి కోసినంకనే మొక్కుండ్రి అక్కా, ముందుగాల్నే వద్దు."

బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి దాకా ఆగుతూ ఆగుతూ నడిచాక ఎల్బీనగర్ ఆస్పత్రికి ఒక ఆటో దొరికింది. దారిలో గుడి వచ్చింది. ఆమె నా వైపే చూస్తోంది. లేవబోయిన చేతుల్ని కొంగులో చుట్టేసుకున్నాను.