అద్దంలో పాలు తాగిన పాప

మా ఇంట్లో ఒక నియమం ఉంది. బిడ్డ పాలు తాగేటప్పుడు ఎవరూ చూడకూడదు. కన్నతల్లి అసలే చూడకూడదు. "ఊరి కండ్లు ఒక ఎత్తు, తల్లి కండ్లు ఒక ఎత్తు" అంటుంది మా అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి. తల్లి మురిసిపోయి చూస్తుందట, ఆ మురిపెమే బిడ్డకు దిష్టిగా తగులుతుందట. అందుకని పాలిచ్చేటప్పుడు బిడ్డ తల మీదుగా తుండు కప్పి, మొహం పక్కకు తిప్పుకోవాలి.

నాకు ఈ నియమం కష్టమనిపించలేదు. నిజం చెప్పాలంటే హాయిగానే ఉండింది. నేను పదిమందిలో మంచినీళ్ళు కూడా అడగలేని మనిషిని. కాన్పుకి ముదలియార్‌పేటలోని పుట్టింటికి వచ్చాక, పాపను చూడ్డానికి వచ్చే అత్తల మధ్య, పక్కింటి అక్కల మధ్య కూచుని పాలివ్వడం తలుచుకుంటేనే చెవులు వేడెక్కేవి. తుండు నాకొక చిన్న గదిలాంటిది. దాని కింద ఏం జరుగుతోందో నాకు తెలియకపోయినా, బయటివాళ్ళకూ తెలియదు, అది చాలు. గోడ వైపు తిరిగి కూచునేదాన్ని. ఆ గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఒకటుంది, తల కొంచెం వంచి చూస్తే తాబేలులా ఉంటుంది. పదిహేను రోజుల్లో ఆ తాబేలు నాకు బాగా తెలిసిపోయింది. నా కూతురి నోరు మాత్రం తెలియలేదు.

నొప్పి ఉండేది. పాప పట్టుకోగానే నా కాలి బొటనవేళ్ళు ముడుచుకుపోయేవి. "మొదట్లో అందరికీ అంతే" అంది అమ్మ. పాప అరగంట తాగేది, అలిసిపోయి వదిలేసేది, పది నిమిషాలు తిరక్కముందే మళ్ళీ ఏడ్చేది.

పదిహేనో రోజు గోరిమేడు ఆసుపత్రిలో పాపను తూకం వేశారు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఇప్పుడు రెండు కిలోల ఏడు వందల యాభై. పిల్లలు పుట్టిన మొదటి రోజుల్లో కొంచెం తగ్గుతారని ఆసుపత్రివాళ్ళిచ్చిన పుస్తకంలో చదివాను. రెండు వారాలకల్లా ఆ తగ్గింది తిరిగి రావాలని కూడా ఆ పేజీలోనే చదివాను.

"ఒక వారం చూద్దాం. అప్పటికీ పెరక్కపోతే డబ్బా పాలు కలపాల్సి వస్తుంది" అంది డాక్టరమ్మ.

నాకు పాలు లేవేమో. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ అంటున్నట్టే నాకు వినబడింది.

డాక్టరమ్మ నన్నూ అమ్మనూ పక్కగదికి పంపింది. అక్కడ ఒక పెద్దవయసు నర్సు ఉంది, కళ్ళజోడు తల మీదికి తోసుకుని. "ఇయ్యమ్మా, చూద్దాం" అంది తమిళంలో. నేను అలవాటుగా తుండు కప్పుకుని మొహం తిప్పుకున్నాను.

"అటు ఎవరున్నారు?" అంది నర్సు.

నాకు అర్థం కాలేదు.

"పాలు బిడ్డకిస్తున్నావా, గోడకిస్తున్నావా?"

అమ్మ నవ్వాపుకోవడానికి దగ్గింది. నర్సు తుండు తీసి మడిచి తన భుజం మీద వేసుకుంది, ఇక అది నాది కాదన్నట్టు. వంగి చూసింది. "చూడు, మొనను మాత్రమే పట్టుకుంది. నీకు నొప్పి, దానికి ఆకలి." నా చిటికెనవేలిని పాప నోటి మూలలో పెట్టించి, మెల్లగా విడిపించింది. "సరే, బోండా ఎట్లా తింటావు చెప్పు?"

నేను నేల చూశాను. "నోరు తెరిచి" అని అమ్మే జవాబు చెప్పింది.

"తెరిస్తే చాలా? పెద్ద బోండాకి ముందు గడ్డం ఆనిస్తావు, కింది పెదవి బాగా కిందికి పెడతావు, పైపెదవి ఆ తర్వాత మూస్తావు. బిడ్డా అంతే."

పాపను నా వైపు పూర్తిగా తిప్పింది, దాని పొట్ట నా పొట్టకు ఆనేలా. తల, మెడ, వీపు ఒకే వరసలో. ముక్కు చనుమొనకు ఎదురుగా. పైపెదవిని తాకించి ఆగమంది. పాప చిన్నగా నోరు తెరిచింది. "ఇంకా ఆగు" అంది నర్సు. ఆవలింతకు తెరిచినట్టు పెద్దగా తెరిచినప్పుడు, "ఇప్పుడు! నువ్వు వంగొద్దు, దాన్నే నీ దగ్గరికి తెచ్చుకో" అని పాప వీపును నెట్టింది. గడ్డం ముందు తగిలింది. బొటనవేళ్ళు ముడుచుకుపోతాయని కాచుకున్నాను. ముడుచుకోలేదు.

"ఇంట్లో ప్రతిసారీ చూసుకో. కింది పెదవి బయటికి తిరిగుండాలి. గుటక వినబడాలి. వారంలో నూట యాభై గ్రాములన్నా పెరిగిందంటే నువ్వు గెలిచినట్టు."

ఇంటికొచ్చి అవ్వకు ఈ మాట చెప్పాను. అవ్వ తమలపాకు నమలడం ఆపేసింది.

"చూడమనిందా? ఆయమ్మకి దిష్టి సంగతి తెలుసా ఏంది?"

"చూడకుంటే ఎట్లా తెలుస్తుందవ్వా, అది సరిగ్గా పట్టుకుందో లేదో?"

"నేను ఆరుగురిని కన్నా. ఒక్కరినీ చూళ్ళేదు. తాగలేదా వాళ్ళు?"

అమ్మ కోడలు కాబట్టి మధ్యలోకి రాలేదు, గిన్నెలు మాత్రం గట్టిగా సర్దింది. నేను పాపను ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను, తుండు కప్పకుండా, కిందికి చూడకుండా. పాప ఏడుస్తోంది. అవ్వ లేచి లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో నాన్న గడ్డం గీసుకునే అద్దం ఉంది.

"ఇందులో చూడు. అద్దంలో పడేది నీడ. నీడకి దిష్టి తగల్దు."

ఈ నియమం ముందునుంచీ ఉందో, లోపల అద్దం కనబడ్డాక పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అవ్వ మాట కోసం ఒప్పుకున్నానే గానీ, అద్దం ఎంత పనికొస్తుందో నాకప్పుడు తెలియదు. పైనుంచి చూస్తే తల్లికి బిడ్డ ముక్కూ బుగ్గా తప్ప ఏమీ కనబడవు. చూడాల్సిన కింది పెదవి రొమ్ము చాటున ఉండిపోతుంది. అద్దాన్ని దిండుకు ఆనించి కింద పెడితే నోరంతా కనబడింది. మొదటిసారి చూసినప్పుడు పాప కింది పెదవి పళ్ళు లేని ముసలమ్మ పెదవిలా లోపలికి మడిచి ఉంది. విడిపించి మళ్ళీ పట్టించాను. రెండోసారీ అంతే. మూడోసారికి పెదవి పువ్వు రేకులా బయటికి తిరిగింది.

ఆ తర్వాత నేను గోడ మీది తాబేలును మరిచిపోయాను. అద్దంలో చాలా జరుగుతుండేది. మొదట కుట్టుమిషనులా గబగబా చప్పరిస్తుంది. కాసేపటికి దవడ బాగా కిందికి దిగుతుంది, అక్కడ రవ్వంత ఆగుతుంది, అప్పుడు గొంతులో చిన్న చప్పుడు. చెవి పక్కన చర్మం కదులుతుంది. పిడికిలి బిగించి మొదలుపెడుతుంది, కడుపు నిండేకొద్దీ వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. ఇదంతా డైరీలో రాసుకున్నాను. ఊరంతా తమిళమైనా మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, దాన్ని చదవడం నాకొక్కదానికే వచ్చు, ఆదివారం సంతలో దొరికిన పాత వాచకం పెట్టుకుని నేర్చుకున్నాను. కాబట్టి నా డైరీకి తాళం అక్కర్లేదు.

"ఏంది రాస్తా ఉండావు?" అంది అమ్మ ఒక మధ్యాహ్నం.

"పాప తాగేది."

"అది కూడా రాస్తారా! చదువు, వింటాను."

నా డైరీ ఎవరికీ చదివి వినిపించలేదు అంతవరకు. అయినా ఒక పేజీ చదివాను, నొప్పి పోయిన రోజుది. అమ్మ చేతిలోని బట్ట మడవడం మానేసి వింది. "నువ్వు తాగిన ఏడాదీ నాకు నొప్పే. అందరికీ అంతే అనుకున్నా" అంది.

ఇంకో పొద్దున నాన్న ఒక చెంపకు నురగతో నడింట్లోకొచ్చాడు. "నా అద్దం యాడ?"

"నీ మనమరాలు వాడుకుంటా ఉండాది. నువ్వు తడుముకొని గీసుకో" అంది అమ్మ.

పాప తడిపితే ఉతికి మిద్దె మీద తీగకు ఆరేసే గుడ్డలు రోజుకు నాలుగు నుంచి ఏడయ్యాయి. పాప పాలు తాగాక నిద్రపోవడం మొదలైంది. అయినా బరువు సంగతి నాకు ధైర్యం లేదు. అద్దం గ్రాములు చెప్పదు కదా.

వారం తిరిగాక ఆసుపత్రికి అవ్వ కూడా ఆటో ఎక్కింది. పాపను తూకం మీద పడుకోబెట్టారు. అది కాళ్ళు తన్నుతుంటే అంకెలు నిలవలేదు. అవ్వ తలుపు వైపు తిరిగి నిలబడింది. అంకెలు నిలిచేసరికి రెండు కిలోల తొమ్మిది వందల అరవై.

"బోండా తినడం నేర్చుకుంది" అంది నర్సు. డాక్టరమ్మ డబ్బా పాలు అక్కర్లేదంది, ఇట్లాగే ఇస్తూ వచ్చే వారం మళ్ళీ తీసుకురమ్మంది.

"ఏందే, పెరిగిందా?" అంది అవ్వ తలుపుతోనే.

"రెండు వందల పది గ్రాములు పెరిగిందవ్వా."

"గట్టిగా చెప్పొద్దు."

ఇంటికొచ్చి పాలివ్వడానికి కూచుని, అద్దం సర్దుకున్నాను. "జరుగు" అంది అవ్వ. పాపకు వీపు పెట్టి, అద్దానికి ఎదురుగా కూచుంది. అద్దంలో పాప నోరే చూసింది. తర్వాత, "ఆరుగురిలో ఇద్దరు నిలవలేదు నాకు" అంది. అది నాకు తెలుసు. అవ్వ నోటితో వినడం అదే మొదటిసారి.

"చెవి కాడ కదలతా ఉండాదే, అది ఏంది?"

"గుటక వేసేటప్పుడు అట్లా కదులుతుందవ్వా."

"అందరు బిడ్డలకీనా?"

"అందరికీ."

అవ్వ ఇంకొంచెం ముందుకు వంగింది. ఊపిరి తగిలి అద్దం మసకేసింది. నా భుజం మీది తుండు అందుకుని దాన్ని తుడిచి, మళ్ళీ చూసింది.